హాజరుపట్టీ ఉత్తరం

అదేంటి సార్, నేను మరిచిపోయానని మీకెవరు చెప్పారు? పదిరోజుల్లో నాలుగుసార్లు ఫోన్ చేశారు మీరు. నాలుగోసారి నేను ఎత్తలేదు, నిజమే. ఎత్తకపోతే మరిచిపోయినట్టేనా? అలా అనుకుంటే ఈ పంతొమ్మిదేళ్ళలో మీరు నన్ను ఎన్నిసార్లు మరిచిపోయి ఉంటారో.

కూర్చోండి ముందు. ఆ కుర్చీ వద్దు, దానికో కాలు ఊగుతుంది. ఇటు రండి, ఫ్యాను కిందకి. మూడంతస్తులు ఎక్కి వచ్చారు, కాస్త ఊపిరి తీసుకోండి. లిఫ్టు చెడిపోయి ఆరునెలలయింది. బాగుచేసేవాడు వస్తాడు, చూస్తాడు, తల పంకించి వెళ్ళిపోతాడు. మన కమిటీలూ అంతేగా.

టీ తాగండి. తెచ్చింది ఎవరనుకున్నారు, నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. టీలు మోయడం తన పని కాదు, పెద్దవారు వచ్చారని తనే తెచ్చింది. అందరం చీమ అంటాం. మనిషి ఇంతే ఉంటుంది, మోసే ఫైళ్ళ కట్ట తనకంటే పెద్దది. తన సంగతి తర్వాత చెప్తాను.

ముందు మీ సంగతి. మీ సిఫారసు ఉత్తరం వెళ్ళిపోయింది సార్. ఇవాళ సాయంత్రం ఐదింటికి కదా గడువు? పొద్దున పదకొండింటికే పంపేశాను. మీరింత హైరానా పడి రానక్కర్లేదు.

అదిగో, మొహం ఎలా విప్పారిందో చూడండి. థాంక్స్ మాత్రం అప్పుడే చెప్పకండి. దాచుకోండి.

మీ దరఖాస్తు చదివాను. పన్నెండు పేజీలూ చదివాను. ఇప్పటి ఆసియా దేశాల విధానాల మీద పనిచేసే పెద్దవాళ్ళకి తొమ్మిదినెలల ఫెలోషిప్. అక్కడ మీకో గది ఇస్తారు, దానికో తాళంచెవి ఇస్తారు, లైబ్రరీ ఇస్తారు, ఎవరూ వచ్చి లేవమనరు. మీకది ఎంత అవసరమో నాకు తెలుసు. రిటైరయ్యాక డిపార్టుమెంటువాళ్ళు మీ గది లాక్కున్నారు. ఇప్పుడు మీరు పబ్లిక్ లైబ్రరీలో, పేపర్లు చదివేవాళ్ళ పక్కన బల్ల చివర కూర్చుని రాసుకుంటున్నారని విన్నాను. ఒంటిగంటకి తలుపులు వేసేస్తే, కాగితాలు సంచిలో సర్దుకుని మూడింటిదాకా మెట్లమీద కూర్చుంటారట. విన్నప్పుడు నాకు జాలేసింది. ఒక పూటంతా వేసింది.

వచ్చే ఏడాది మీకు డెబ్బై రెండు నిండుతాయి. ఆ తర్వాత వాళ్ళు తీసుకోరు. అంటే మీకిదే చివరి అవకాశం. పుస్తకం పూర్తయితే ఇప్పుడవ్వాలి, లేకపోతే లేదు. ఇవన్నీ తెలియక రాశాననుకోకండి. అన్నీ తెలిసే రాశాను.

కానీ సార్, పేజీ రెండులో ఏం రాశారు మీరు? ఇళ్ళల్లో పనికని పరదేశాలకు వెళ్ళే ఆడవాళ్ళకి ఇన్నేళ్ళు నిండితేనే పంపుతామని ప్రభుత్వాలు నియమం పెడతాయి. ఆ నియమం వాళ్ళని కాపాడుతుందా, లేక వాళ్ళచేత వయసు అబద్ధం చెప్పించి, రేపు కష్టం వస్తే ఎవరి గడపా ఎక్కలేకుండా చేస్తుందా? అంతవరకూ బాగుంది. దాని కింద వాక్యం ఏమిటి? 'ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది' అని.

మిమ్మల్నా సార్ వెంటాడింది?

ఏమో, వెంటాడిందేమో. నా వెనకాల పరిగెత్తుతూ దారి తప్పి మీ ఇంట్లో దూరి ఉంటుంది.

గుర్తు లేదంటారా. సరే, గుర్తు చేస్తాను. మీరు టీ తాగుతూ వినండి. ఇంకా నాలుగూ పది కూడా కాలేదు.

అప్పుడు నాకు ముప్ఫై ఒకటి. ఆరేళ్ళుగా మీ సర్వేలో పనిచేస్తున్నాను. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక శిక్షణ కేంద్రం ఉండేది. పరదేశం వెళ్ళబోయే ఆడవాళ్ళకి వాషింగ్ మెషీన్ ఎలా తిప్పాలో, దుప్పటి మూలలు ఎలా మడవాలో, యజమానురాలు కేకలేస్తే తల ఎలా వంచాలో కూడా నేర్పేవాళ్ళు. మీ ఫారంలో ఇరవై ఆరు ప్రశ్నలు. పేరు, ఊరు, చదువు, ఇంట్లో ఎంతమంది. అవన్నీ నింపేదాన్ని. నింపాక పెన్నుకి మూత పెట్టి, జేబులో పెట్టుకుని, ఇరవై ఏడో ప్రశ్న అడిగేదాన్ని.

'నీ అసలు వయసెంత?'

పెన్ను తెరిచి ఉన్నంతసేపూ ఎవ్వరూ చెప్పేవాళ్ళు కాదు సార్. మూత పడితేనే చెప్పేవాళ్ళు. నూట నలభైమంది చెప్పారు. బస్సులో కూర్చున్నాక, పేర్లు లేకుండా, వేరే పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ పుస్తకం మీకు చూపించాను. 'బాగుందమ్మా, ముందు పట్టికలు పూర్తిచెయ్' అన్నారు.

వాళ్ళలో ఒకావిడ ఉండేది. పాస్‌పోర్టులో ముప్ఫై, ఒంటికి ఇరవై మూడు. కాగితాల ప్రకారం నాకన్నా ఒక్క ఏడాదే చిన్న, పిలవడం మాత్రం అక్కా అని. ఆవిడే అడిగింది. 'అక్కా, అక్కడ నాకేమైనా అయితే ఎవరి దగ్గరికి పోను? ఏ ఆఫీసుకెళ్ళినా మొదట అడిగేది వయసే కదా. నిజం చెప్తే దొంగ కాగితమంటారు. అబద్ధం చెప్తే అది నేను కాదు' అంది. మీ పేజీ రెండు అదే. నిజానికి ఆ ప్రశ్న నాది కూడా కాదు, ఆవిడది.

సగం పని ఇక్కడుంది, సగం అక్కడుంది. వెళ్ళినవాళ్ళని అక్కడ కలిస్తే గానీ ప్రశ్నకి జవాబు రాదు. అందుకే నేనూ ఇదే ఫెలోషిప్‌కి పెట్టుకున్నాను, చిన్నవాళ్ళ విభాగంలో. అక్కడికి వెళ్ళే ఖర్చు కూడా వాళ్ళే ఇస్తారు. ముప్ఫై రెండు నిండితే ఇవ్వరు. నాకూ అదే చివరి అవకాశం. ఆవిడ తను చేరబోయే ఇంటి చిరునామా ఓ చీటీ మీద రాయించి ఇచ్చింది. 'వస్తావుగా అక్కా' అంది. వేసవిలోగా వస్తానన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానంటే, ఉత్తరం రాసేది మీరు కదా.

'నువ్వు నిశ్చింతగా ఉండమ్మా, నేను రాస్తాను కదా' అన్నారు మీరు. ఇదీ గుర్తులేదా? పోనీలెండి.

ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు వాళ్ళు. మీ ఇంటికొచ్చి ఏడ్చాను. మేడంగారు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడ చల్లని మనిషి, ఆవిడని నేనేమీ అనను. మీరు నా తల మీద చెయ్యి వేసి, 'వాళ్ళకి మన పని విలువ తెలియదమ్మా' అన్నారు. ఆ మాటకి మీ కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది సార్, మీ మీద కాదు, ఆ దణ్ణం మీద.

మర్నాడు తొమ్మిదింటికి వచ్చి మళ్ళీ మీ పట్టికలు ముందేసుకున్నాను. ఇంకో రెండేళ్ళు వేసుకున్నాను. మీ పుస్తకం వచ్చింది. ముందుమాటలో టైపిస్టుకీ నాకూ కలిపి ఒకే వాక్యంలో కృతజ్ఞతలు. టైపిస్టు పేరు ముందు.

ఆ చీటీ నా దగ్గరే ఉండిపోయింది. ఒక ఉత్తరం రాశాను ఆ చిరునామాకి, జవాబు రాలేదు. ఆవిడ ఏమైందో నాకు తెలియదు. బాగానే ఉండి ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు. అలా తెలియకుండా బతకడం మీరు పెట్టిన భిక్షే.

వాళ్ళెందుకు కాదన్నారో పదిహేడేళ్ళు నాకు తెలియలేదు. నా ఇంగ్లీషు బాగాలేదనుకున్నాను. నా ప్రశ్న చిన్నదనుకున్నాను. సాయంత్రం కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ, ఎక్కడో కింది మెట్టు దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళు దోక్కుపోతూ ఇక్కడిదాకా వచ్చాను. ఈ గది చూశారుగా. మీ పాత గదిలో సగం. అయినా తాళం నా దగ్గరుంది.

రెండేళ్ళ క్రితం నన్ను ఆ ఎంపిక కమిటీలో వేశారు. అవును, అదే సంస్థ, అదే ఫెలోషిప్. నా వంతు పోయిన నెలతో అయిపోయింది. అందుకే మీకు ఉత్తరం రాయడానికి వీలైంది. లోపలున్నవాళ్ళు రాయకూడదు కదా.

కమిటీలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఒక పాఠం ఉంటుంది. అది మీకు తెలియదు, మీరెప్పుడూ అటు కూర్చోలేదు. సిఫారసు ఉత్తరాలు చదవడం ఎలాగో నేర్పుతారు. మన పనిలో ఉత్తరాన్ని ఉన్న మాటలతో చదవరని మీకు నేను చెప్పాలా? లేని మాటలతో చదువుతారు. ఎవరూ ఎవరినీ తిట్టరు. అందరూ పొగుడుతారు. దేన్ని పొగిడారో, దేన్ని వదిలేశారో చూసుకోవాలి. అందుకని పాత ఫైళ్ళలోంచి ఐదు ఉత్తరాలు తీసి, పేర్ల మీద నల్లసిరా పూసి, నకళ్ళు పంచుతారు. ఏళ్ళ తరబడి అవే ఐదు.

పొడవాటి బల్ల. కొత్తవాళ్ళం ముగ్గురం, పాతవాళ్ళు ముగ్గురు, అధ్యక్షుడు. పెద్దాయన, నిమిషానికోసారి గొంతు సవరించుకుంటాడు. రెండు ఉత్తరాలయ్యాక మూడోది చేతిలోకి తీసుకుని నవ్వాడు. 'ఇది మా ఇంట్లో మనిషి లాంటిది. దీన్ని హాజరుపట్టీ ఉత్తరం అంటాం' అన్నాడు. అని, పైకి చదివాడు.

నాకు కంఠతా వచ్చు. వినండి.

'ఈమె క్రమశిక్షణ గల వ్యక్తి. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. వరద వచ్చిన రోజు మోకాళ్ళలోతు నీళ్ళలో నడిచి వచ్చి కూడా తొమ్మిదింటికే సంతకం పెట్టిన మనిషి. అప్పగించిన పని అప్పగించినట్టే చేస్తుంది. తోటివారితో మర్యాదగా ఉంటుంది. సరైన పర్యవేక్షణ ఉంటే తప్పక రాణిస్తుంది.'

అంతే సార్. ఏడు వాక్యాలు. ఆలోచన అన్న మాట లేదు. ప్రశ్న అన్న మాట లేదు. ఆమె ఏం చదువుతోందో, ఎందుకు చదువుతోందో లేదు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. అధ్యక్షుడు కాగితం కింద పెట్టి, 'చూశారా, ఒక్క చుక్క రక్తం కారకుండా గొంతు ఎలా కోశాడో. పాపం, ఎవరో పిల్ల. రాసినవాడు మాత్రం గట్టివాడు' అన్నాడు.

వరద మాట దగ్గర నా చేతిలో కప్పు ఆగిపోయింది.

ఆ రోజు నేను నీళ్ళలో ఎందుకు నడిచానో తెలుసా మీకు? నేనుండే గదిలోకి నీళ్ళొచ్చేశాయి. నింపిన ఫారాలు నూట నలభై నా దగ్గరున్నాయి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని వచ్చాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. మీ సర్వేని మోసుకొచ్చాను సార్ నెత్తిమీద. మీకు అందులో కనిపించింది హాజరుపట్టీలో సంతకం.

నవ్వానా అంటే, నవ్వాను. అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నీ మొహం ముడుచుకుంటే పట్టుబడిపోనూ? అందరికన్నా కొంచెం గట్టిగానే నవ్వాను.

ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పలేదు. అన్నం తింటూ, బట్టలు మడతపెడుతూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఆ ఏడు వాక్యాలూ నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను. ఎప్పుడో ఒకప్పుడు మీకు నాతో అవసరం పడకపోతుందా అనుకున్నాను. పడదేమోనని భయం కూడా వేసింది. పోయిన ఏడు మీకు ఒంట్లో బాగాలేదని తెలిసి, అయ్యో, ఈయన ఇలాగే దాటేస్తాడేమోనని నేనెంత బెంగపెట్టుకున్నానో మీకు తెలియదు. మీ ఆరోగ్యం కోసం మీవాళ్ళకన్నా నేనే ఎక్కువ ఆత్రపడ్డాను.

పదిరోజుల క్రితం మీరు ఫోన్ చేసి, 'అమ్మా, ఆ విషయం మీద నాకు రాయగలిగినది నువ్వొక్కదానివే' అన్నారు. ఫోన్ పెట్టేశాక లేచి కిటికీలు తెరిచాను. గదిలో గాలి చాలలేదు.

ఇదిగో, నేను మీకు రాసిన ఉత్తరం. చదివి వినిపిస్తాను. నియమం ప్రకారం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు చూడకూడదు. ఆ నియమం మీద నాకు గౌరవం పోయి రెండేళ్ళయింది.

'వీరు క్రమశిక్షణ గల వ్యక్తి. నేనెరిగిన పాతికేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. డెబ్బై ఒకటో ఏట లిఫ్టు లేని మూడంతస్తులు ఎక్కి వచ్చి కూడా నాలుగింటికే తలుపు తట్టిన మనిషి. అప్పగించిన పని అప్పగించినట్టే చేస్తారు. తోటివారితో మర్యాదగా ఉంటారు. సరైన పర్యవేక్షణ ఉంటే తప్పక రాణిస్తారు.'

టీ ఒలుకుతోంది సార్, కప్పు బల్లమీద పెట్టండి.

మూడంతస్తుల సంగతా? అది పొద్దున్నే రాశాను. ఫోన్ ఎత్తకపోతే గడువుకి గంట ముందు మీరే వస్తారని తెలుసు. నేను పదకొండింటికి రాసింది మీరు నాలుగింటికి వచ్చి నిజం చేశారు. ఒక్క అబద్ధం లేదు అందులో. మీరు రాసినదాంట్లో కూడా లేదుగా.

కమిటీలో ఇప్పుడున్న ప్రతి ఒక్కరూ ఆ పాఠం చదువుకున్నవాళ్ళే. మొదటి వాక్యం చూడగానే నవ్వుతారు. రెండో వాక్యానికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏడోది అయ్యేసరికి, ఆ నల్లసిరా కింద ఉన్న పిల్ల ఎవరో, రాసిన గట్టివాడు ఎవరో వాళ్ళకి తెలిసిపోతుంది. నా పరువూ పోతుందంటారా? పోనివ్వండి. అది తెలియాలనే రాశాను. ఇంతకాలం నా పేరు మీద సిరా పూసి నవ్వుకున్నారు, ఇకనుంచి పేరుతో సహా నవ్వుకోమనండి.

వెనక్కి తీసుకోవడమా? తీసుకోవచ్చు. ఐదింటిలోపు పాతది తీసేసి కొత్తది పెట్టొచ్చు. ఇక్కడే ఉంది, ఈ బొత్తం నొక్కితే చాలు.

నొక్కను.

ఊరికే 'అమ్మా, అమ్మా' అనకండి. ఎందుకు రాశారో చెప్పండి. పంతొమ్మిదేళ్ళుగా నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. నేను తెలివితక్కువదాన్నని నమ్మి రాస్తే ఆ మాట చెప్పేయండి, తట్టుకుంటాను. లేదూ, నా ప్రశ్న మీదే మీకు కన్నుపడిందా?

ఆఁ? వినపడలేదు. ఇంకోసారి.

'నువ్వు వెళ్ళిపోతే నా సర్వే ఆగిపోయేదమ్మా.'

అంతేనా.

అంతే. కోపం లేదు, అసూయ లేదు. నేను లేకపోతే పట్టికలు ఎవరు వేస్తారు, అంతే. ఏడాదో రెండేళ్ళో ఆపితే తర్వాత తనే ఎలాగో వెళ్ళిపోతుందిలే అనుకున్నారు. మీరు నన్ను చెడగొట్టాలని కూడా అనుకోలేదు. ఊరికే నన్ను వాడుకుంటూ ఉందామనుకున్నారు.

ఆ మాట మీరు అనకుండా ఉంటే బాగుండేది సార్. ఇంకేదైనా చెప్పాల్సింది. నువ్వంటే నాకు కిట్టదని చెప్పాల్సింది.

ఇందాక నేను మీకొక అబద్ధం చెప్పాను. ఆ రోజు కమిటీలో వరద మాట దగ్గర నా కప్పు ఆగలేదు. అంతకుముందే ఆగింది. మొదటి వాక్యం దగ్గరే.

ఎందుకంటే, అది నేను రాసిన ఉత్తరం అనుకున్నాను.

చీమకి. అంతకు ఏడాది ముందే రాశాను. అప్పటికి మీ ఉత్తరం సంగతి నాకేమీ తెలియదు, ఎవరూ నాకు నేర్పలేదు. నా బుర్రలోంచే వచ్చింది. 'ఈ అమ్మాయి క్రమశిక్షణ గలది. వేళకి వస్తుంది. ఫైళ్ళు నీటుగా సర్దుతుంది.' చీమకి అప్పుడు ఇరవై ఎనిమిది. ఎండలో బయట పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నం విశ్రాంతి ఇవ్వాలని దేశదేశాల్లో నియమాలున్నాయి కదా, వాటిమీద తన పని. ఒకరోజు నా దగ్గరికొచ్చి, 'మేడమ్, నియమం గడియారం చూసి రాస్తున్నారు, నీడ ఎక్కడుందో చూసి రాయాలి కదా' అంది. ఇరవై ఏళ్ళకి పైగా ఈ పనిలో ఉండి నాకు తట్టలేదా మాట. ఆ మాట ఉత్తరంలో రాయలేదు నేను. నా ప్రాజెక్టుకి ఇంకో ఏడాదిన్నర ఉంది, ఆ పిల్ల వెళ్ళిపోతే ఎవరు చేస్తారు?

వాళ్ళు చీమని పిలవలేదు. తను ఇక్కడే, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. నేనేం చేశాననుకున్నారు? తల మీద చెయ్యి వేసి, 'వాళ్ళకి మన పని విలువ తెలియదమ్మా' అన్నాను.

అక్షరం కూడా మారలేదు సార్.

అందుకే ఆ రోజు అధ్యక్షుడు చదువుతుంటే, వీళ్ళు నన్ను పట్టుకున్నారు, అందరి ముందూ చదువుతున్నారు అనుకున్నాను. చేతిరాత అన్న మాట దగ్గర అనుమానం వచ్చింది, చీమ చేతిరాత గురించి నేను రాయలేదు కదా అని. వరద దగ్గర అర్థమైంది, గొంతు తెగింది నాదని. మొదట నాకేమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనుకున్నాను. దొరికిపోలేదు, అంతవరకూ చాలు అనుకున్నాను. మీమీద కోపం ఆ తర్వాతే వచ్చింది. రెండేళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటూ కూర్చుంటే నన్ను నేను చూసుకోవాల్సిన పని తప్పింది.

చీమ ఈ ఏడాది మళ్ళీ పెట్టుకుంది. ముప్ఫై ఒకటి. ఇదే ఆఖరు. గడువు ఈరోజే, ఐదింటికే. మీకు రాయడానికి పదిరోజులు కూర్చున్నాను, ప్రతి మాటా రుచి చూసుకుంటూ రాశాను. తనకి మాత్రం ఇంకా రాయలేదు. ఇదిగో చూడండి, తెర మీద తన పేరుంది, కింద అంతా ఖాళీ. టీ ఇచ్చి వెళ్తూ నా వంక చూసింది, మీరు గమనించలేదు. అడగడానికి మొహమాటం.

నాలుగూ ఇరవై ఐదు. మీరు కదలకండి. రాస్తాను, మీరు చూస్తూ ఉండండి. మీరెప్పుడూ రాయలేదుగా, ఎలా ఉంటుందో చూద్దురుగాని.

'ఈ అమ్మాయి నాకన్నా బాగా ఆలోచిస్తుంది.' ఇది మొదటి వాక్యం.

రెండోది, నీడ సంగతి. తన మాటల్లోనే పెడతాను.

మూడోది, ఆ మాట కోసం తను పన్నెండు చోట్ల ఎండలో ఎలా నిలబడిందో.

చూశారా, చూశారా, వేళ్ళు వాటంతటవే 'సరైన పర్యవేక్షణ ఉంటే' అని టైపు కొట్టేశాయి. నేను కొట్టలేదు సార్. నిజంగా. చెరిపేస్తున్నాను.

'ఈమెకు ఎవరి పర్యవేక్షణా అక్కర్లేదు. ఒక గది ఇచ్చి వదిలేయండి.' చాలు.

వెళ్ళిపోయింది. నాలుగూ నలభై రెండు.

మంచితనం అనుకునేరు, కాదు. రేపటినుంచి నా ప్రాజెక్టు కుంటుతుంది, ఆ పట్టికలు నేనే వేసుకోవాలి, ఈ కళ్ళతో. నాకు మంట పుడుతోంది. కానీ ఇరవై ఏళ్ళ తర్వాత నేను సంచి పట్టుకుని ఆ పిల్ల గదికి మెట్లెక్కి వెళ్ళాల్సి వస్తే? తను నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక కాగితం తీసి చదివితే? ఆ భయంతో రాశాను. ప్రేమతో కాదు.

మూడేళ్ళ క్రితం నేను ఏం రాశానో మాత్రం తనకి చెప్పలేదు. చెప్పను కూడా. తను నన్ను చూసే చూపు నాకు కావాలి. మీకూ నా చూపు అలాగే కావాల్సి వచ్చి ఉంటుంది.

మీ ఉత్తరమా? ఇంత విన్నాక కూడా అడుగుతున్నారా. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది, మార్చొచ్చు, నిజమే. మార్చను సార్. నేనూ మీలాంటిదాన్నేనని తెలిసింది, అంతమాత్రాన మీరు చేసింది చెల్లిపోతుందా? నాకు రావాల్సిన ఉత్తరం ఎవరో ఒకరు నాకూ రాస్తారు లెండి. మీది మీకు అందింది.

జాగ్రత్తగా లేవండి. సంచి మరిచిపోకండి. మెట్లు దిగేటప్పుడు గోడవైపు పట్టుకోండి, ఇటువైపు కమ్మీ ఊడిపోయింది.

మెట్లకి వెళ్ళాలంటే చీమ గది ముందునుంచే వెళ్ళాలి. తలుపు తీసే ఉంటుంది. మిమ్మల్ని చూడగానే లేచి నిలబడుతుంది, మర్యాద తెలిసిన పిల్ల. వెళ్తూ వెళ్తూ చెప్పాలనిపిస్తే చెప్పండి, నేను తనకి రాసిన మొదటి ఉత్తరం సంగతి. నేను ఆపను.

మీ స్థానంలో నేనుంటే చెప్పేదాన్ని.